అత్తయ్యగారి డాల్ఫిన్

మా అత్తయ్యగారి చెల్లెలు ఒడిశా వెళ్ళి చిల్కా సరస్సులో డాల్ఫిన్‌ని చూసొచ్చింది. చూసినావిడ చూసి ఊరుకోవచ్చు కదా! నాలుగేళ్ళ నుంచీ ఆవిడ ఫోన్లో ఆ వీడియో చూపించని పెళ్ళి లేదు, పేరంటం లేదు. మట్టిరంగు నీళ్ళు, వాటి మీద ఎండ, ఎవరిదో మోచెయ్యి, చివర్లో ఒక్క క్షణం నల్లగా ఏదో లేచి మునుగుతుంది. నాకైతే లారీ ట్యూబులా కనిపించింది. "చూశావా? తిన్నగా నా కళ్ళలోకే చూసింది!" అంటుంది చిన్నత్తయ్య. ఆ మాట వచ్చినప్పుడల్లా మా అత్తయ్యగారు "బావుందే" అని నవ్వుతారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నేను కూరలో ఉప్పు ఎక్కువ వేసిన రోజున కూడా అలాగే నవ్వుతారు.

అక్కచెల్లెళ్ళిద్దరూ కాకినాడలోనే, రెండు వీధుల దూరంలో ఉంటారు. గ్యాస్ పొయ్యి ముందు చెల్లెలికే వచ్చింది. రంగుల టీవీ ముందు చెల్లెలికే. విమానం ముందు ఎక్కిందీ చెల్లెలే. మామయ్యగారి గుమాస్తా జీతంతో ముగ్గురు పిల్లల్ని చదివించిన అత్తయ్యగారు ఏ రోజూ "నాకూ కావాలి" అన్న మనిషి కాదు. అన్నిటికీ "బావుందే" అనే నవ్వేవారు. కానీ ఆ డాల్ఫిన్ మాత్రం ఆవిడకి ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో నాకు తెలీదు. గ్యాస్ పొయ్యి తర్వాతైనా కొనుక్కోవచ్చు, డాల్ఫిన్‌ని ఎక్కడ కొంటాం!

మేం మస్కట్‌లో బౌషర్‌లో ఉంటాం. మా ఆయన డ్యూటీ రుసైల్లో, పైపుల ఫ్యాక్టరీలో. మొన్న చలికాలంలో అత్తయ్యగారు నెల రోజుల విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. వచ్చిన మూడో రోజు పొద్దున్న ఉప్మా తింటూ, ప్లేటులోంచి తల ఎత్తకుండా, "మీ ఊళ్ళో కూడా సముద్రం ఉందిగా. ఇందులో ఏవన్నా తిరుగుతాయా?" అనడిగారు.

"ఏవండీ?" అన్నాను.

"ఏవో. చేపలు. పెద్దవి."

నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి కోరిక అది. మా ఆయనకి ఎంత సంతోషమేసిందంటే, ఆ శుక్రవారమే మస్కట్ రేవులో డాల్ఫిన్ బోటు మాట్లాడేశాడు. మూడు గంటలు తిరిగాం. ఆ రోజు గాలి. అలలు. డాల్ఫిన్ రాలేదు, అత్తయ్యగారికి వాంతులు మాత్రం వచ్చాయి. ఒడ్డుకొచ్చాక కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పోనీలే అమ్మాయ్, కొందరికి రాసిపెట్టి ఉంటుంది," అన్నారు. అవతల చిన్నత్తయ్య రోజూ ఫోన్ చేసి "కనిపించిందా అక్కా?" అని జాలి పడడం! ఆ జాలికి నాకు ఒళ్ళు మండిపోయింది. నా అత్తగారిని ఏమైనా అనాలంటే నేను అనాలి గానీ ఊళ్ళోవాళ్ళు ఎవరు?

"ఖసబ్ తీసుకెళ్దాం," అన్నాను మా ఆయనతో.

ఖసబ్ అంటే ఒమన్‌కి ఉత్తరాన, దేశం నుంచి తెగిపోయినట్టు విడిగా ఉండే ముసందంలో చిన్న ఊరు. అక్కడ సముద్రం కొండల సందుల్లోకి మైళ్ళకి మైళ్ళు చొరబడిపోయి ఉంటుంది. నార్వేలో వాటిని ఫియర్డ్ అంటారు కదా, ఇక్కడ ఖోర్ అంటారు. లోపల అల ఉండదు. డాల్ఫిన్లు అక్కడే కాపురం ఉంటాయని ఇక్కడందరూ చెబుతారు. కారులో వెళ్ళాలంటే మధ్యలో ఎమిరేట్స్ దాటాలి, అత్తయ్యగారి వీసా మీద ఒకసారి ఒమన్ దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. అందుకని ముగ్గురికీ, మా ఏడేళ్ళ అమ్మాయికీ విమానం టికెట్లు కొన్నాం. శుక్రవారం పగలంతా బోటు. ఆదివారం అత్తయ్యగారి తిరుగు ప్రయాణం. ఈసారి కనిపించకపోతే ఇక అంతే, కాకినాడలో ఆ లారీ ట్యూబు ముందు మా అత్తయ్యగారు జన్మంతా తల వంచుకోవలసిందే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు ఈల వెయ్యడం వచ్చు.

ఏదో పెదాలు ముడిచి కూనిరాగం తీసే ఈల కాదు. రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి వేసే ఈల. మాది గోదావరి మధ్య లంక ఊరు. బడి అవతలి ఒడ్డున. పడవవాడేమో ఎప్పుడు చూసినా అవతలి ఒడ్డునే టీ తాగుతూ ఉండేవాడు. ఎంత అరిచినా ఏటి మీద గొంతు సగం దూరం కూడా పోదు, ఈల పోతుంది. మా ఊరి పిల్లలందరికీ అక్షరాలకన్నా ముందు ఈల వచ్చేది. ఆడా మగా అని లేదు, రాకపోతే బడికి ఆలస్యం, చేతి మీద బెత్తం. నా ఈల మా రేవు మొత్తానికి పెద్ద ఈల. "నువ్వెయ్యవే" అని పెద్దవాళ్ళు కూడా నన్నే అడిగేవారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో!

పెళ్ళయి కాకినాడ వచ్చిన కొత్తలో, వీధిలో మజ్జిగ అమ్మే మనిషి వెళ్ళిపోతుంటే, వంటింటి కిటికీలోంచి అలవాటుగా ఒక్క ఈల వేశాను. ఆ మనిషి ఆగింది. వీధి మొత్తం ఆగింది. అత్తయ్యగారు పూజ గదిలోంచి హారతి పళ్ళెంతో సహా వచ్చేశారు. "ఎవరే అది? నువ్వా? ఆపు! ఆడది ఇంట్లో ఈలెయ్యడం మా ఇంటా వంటా లేదు. చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు? రౌడీ పిల్లని చేసుకొచ్చామనుకోరూ?" అన్నారు. కేకలెయ్యలేదు, మెల్లగానే అన్నారు. అది ఇంకా ఘోరం. ఆ రోజు నుంచి ఆవిడ చెవిన పడేలా నేను ఈల వెయ్యలేదు. ఆవిడ చెవిన పడకుండా వేశానా లేదా అన్నది వేరే సంగతి.

శుక్రవారం పొద్దున్న పదింటికి ఖసబ్ రేవులో ధౌ ఎక్కాం. ధౌ అంటే కర్రతో చేసిన పెద్ద పడవ. అడుగున తివాచీ, గోడల వెంట ఎర్ర దిళ్ళు, పైన గుడ్డ పందిరి. అందరూ కింద కూర్చోవాలి. అత్తయ్యగారి మోకాళ్ళు ఒప్పుకోవు. బోటు నడిపే పెద్దాయన, తెల్లగడ్డం ఒమనీ, చూసి ఏమనుకున్నాడో, రేవులో టీ కొట్టు దగ్గరికెళ్ళి నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోసుకొచ్చి పడవ మధ్యలో వేశాడు. అత్తయ్యగారు పట్టుచీర, స్వెటర్, కాళ్ళకి సాక్సులు, చేతిలో నిమ్మకాయతో దాని మీద కూర్చున్నారు. వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తూ ఉండాలి కదా. ఎదురుగా కూర్చున్న ఫ్రెంచి జంట ఆవిడకి వంగి వంగి గుడ్ మార్నింగ్ చెప్పారు. మా అమ్మాయి "నానమ్మని రాణీ అనుకుంటున్నారు!" అని పకపకా నవ్వింది.

మా పక్కన కడపాయన ఒకరు, భార్యతో. ఎమిరేట్స్ సరిహద్దు పక్కన బురైమిలో ఏసీలు రిపేరు చేస్తాట్ట. అత్తయ్యగారి చీర చూసి, "యాడమ్మా మీది? మాది కడప," అన్నాడు. అంతే, ఐదు నిమిషాల్లో మా పులిహోర డబ్బా మూత తెరుచుకుంది. బోటులో భోజనం ఇస్తారని మా ఆయన మొత్తుకుంటున్నా అత్తయ్యగారు వినకుండా ముందు రోజు మధ్యాహ్నమే మూడు కేజీల పులిహోర కలిపించారు. విమానంలో దాన్ని నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కడపాయన భార్య సిగ్గుపడుతూ రెండుసార్లు వేయించుకుంది. ఫ్రెంచి ఆవిడ వేరుశనగ గింజల్ని ఒక్కొక్కటే ఏరుకు తిని, మా అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని ఏదో అంది. "చింతపండు ఎక్కువైందంటోందా?" అని అడిగారు అత్తయ్యగారు నన్ను అనుమానంగా. కాదండీ, బావుందంటోంది అన్నాను. ఫ్రెంచి నాకేం వచ్చు, మొహం చూసి చెప్పాను.

ధౌ రేవు దాటి కొండల మధ్యకి తిరిగింది. ఏమని చెప్పను! రెండు పక్కలా నిలువునా కొండలు, ఒక్క చెట్టు లేదు, ఒక్క గడ్డి పరక లేదు. పొరలు పొరలుగా మెలితిరిగిన రాయి నీళ్ళలోకి దిగిపోయి ఉంది. నీళ్ళు ముందు నీలం, కాసేపటికి పచ్చ, కొండ నీడలోకి వెళ్ళాక దాదాపు నలుపు. ఇంజిను చప్పుడు తప్ప ఇంకేం లేదు. నాకు ఊపిరి ఆడలేదంటే నమ్మండి. ఒక మలుపు దగ్గర కొండ మొదట్లో పదిహేను ఇళ్ళున్న పల్లె కనిపించింది. దానికి రోడ్డు లేదు, తాగే నీళ్ళు కూడా పడవ మీదే వస్తాయట. గట్టు మీద మేకలు నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. అవి ఏం తింటాయో దేవుడికే తెలియాలి.

"అచ్చం పాపికొండల్లా ఉంది కదండీ!" అన్నాను ఉండబట్టలేక.

అత్తయ్యగారు నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని నాలుగు దిక్కులా చూశారు. "పాపికొండలకి గుండు చేయించినట్టుంది," అన్నారు.

మా ఆయన నవ్వి నవ్వి దిండు మీద పడిపోయాడు. ఆవిడా నవ్వేశారు. కాకినాడలో ఎప్పుడూ చూడని నవ్వు, పళ్ళన్నీ కనిపించేలా. తర్వాత రొంటిన దోపుకున్న సంచీలోంచి రూపాయి బిళ్ళ తీసి, గోదావరి వంతెన మీద రైల్లోంచి వేసినట్టే కళ్ళకద్దుకుని నీళ్ళలో వేశారు. "ఏం మొక్కుకున్నావు నానమ్మా?" అని పిల్ల అడిగితే "నీకెందుకే" అన్నారు. అడగాలా? పడవలో అందరికీ తెలుసు. కడపాయనకి కూడా పులిహోరతోపాటు చిన్నత్తయ్య కథ మొత్తం వడ్డించేశారు. ఆయన "అట్టెట్టమ్మా, మన డాల్ఫిన్ చూపియ్యకుండా పడవ దిగేదే లేదు," అని మాటిచ్చేశాడు కూడా.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఇక్కడ డాల్ఫిన్లు ఊరికే రావు, ఈల వేసి పిలవాలి. పడవ జోరుగా పోతూ ఉండాలి, పడవవాళ్ళు గట్టిగా ఈలలు వేస్తూ ఉండాలి, ఆ చప్పుడుకి అవి సరదాగా పక్కనే ఈదుతూ వస్తాయి. ఇది ఇక్కడి పద్ధతి. ఆ పెద్దాయనే హిందీలో చెప్పాడు. ఆయనకేమో ముప్పై ఏళ్ళుగా పడవ నడుపుతున్నా ఈల రాదు. ఈలలు వేసేది ఆయన దగ్గర పనిచేసే బెంగాలీ. ఆ బెంగాలీ ఏడీ అని చూస్తే, ఓ మూల తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముందు రోజే పన్ను పీకించుకున్నాడు. బుగ్గ బూరెలా పొంగింది, నోటి నిండా దూది.

"ఇవాళే పీకించుకోవాలా నాయనా!" అన్నారు అత్తయ్యగారు తెలుగులోనే. వాడికి అర్థమైంది. పాపం, బుగ్గ పట్టుకుని దణ్ణం పెట్టాడు.

నేను కొండల వైపు చూడడం మొదలెట్టాను. మా ఆయన నా వైపు చూడకుండా చూడడం మొదలెట్టాడు. ఆయనకి తెలుసు కదా! నోరు తెరిస్తే పదహారేళ్ళ కాపురంలో తల్లికి తెలీకుండా దాచిన గుట్టంతా బయటపడుతుంది, తెరవకపోతే తల్లి కోరిక నీళ్ళపాలవుతుంది. పాపం మనిషి, నిమ్మకాయ వాసన చూడాల్సింది ఆయన.

మధ్యాహ్నం పడవ ఆగాల్సిన టెలిగ్రాఫ్ దీవికి ఇంకా దూరం ఉందనగా పెద్దాయన చెయ్యి చూపించి అరిచాడు. ఎడంపక్క కొండ కింద నీళ్ళ మీద నల్లగా ఒక రెక్క. దాని వెనకాల ఇంకోటి. అత్తయ్యగారు కుర్చీలోంచి లేచారు. మోకాళ్ళ నొప్పి ఏమైపోయిందో! పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయారు. "ఏదీ? ఎక్కడే? నాకు కనిపించట్లేదు!" కళ్ళద్దాల మీద ఉప్పునీళ్ళ తుంపర. నేను తుడిచి పెట్టేసరికి రెక్కలు మునిగిపోయాయి.

"సీటీ మారో! సీటీ!" అని, ఈల వెయ్యమని పెద్దాయన చప్పట్లు కొడుతున్నాడు. ఇక చూడాలి ఆ పడవ! ఫ్రెంచాయన పెదాలు ముడిచి ఏదో సన్నగా పిట్ట కూత కూశాడు. కడపాయన "జరుగు మా, నేనేస్తా" అని ముందుకొచ్చి రెండు వేళ్ళూ నోట్లో పెట్టి ఊదాడు. ఫుస్సుమంది. ఇంకోసారి ఊదాడు. పులిహోర మెతుకు ఒకటి బయటికొచ్చింది. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. మా అమ్మాయికి ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి, అది వేస్తే గాలే వస్తుంది. బెంగాలీ దూది తీసి ప్రయత్నం చేసి "ఆ!" అని బుగ్గ పట్టుకుని కూలబడ్డాడు. రెక్కలు మళ్ళీ లేచాయి. ఈసారి ఇంకా దూరంగా. అవి వెళ్ళిపోతున్నాయి.

అత్తయ్యగారు గుంజ పట్టుకుని అటే చూస్తున్నారు. పెదవులు కదిలాయి. "పోనీలే" అనబోతున్నారని నాకు తెలిసిపోయింది. ఆ మాట వినడం నా వల్ల కాదనిపించింది.

అప్పుడు మా అమ్మాయి, కన్నకూతురు, నా కడుపున పుట్టిన శత్రువు, పడవ మొత్తానికి వినిపించేలా అరిచింది. "అమ్మకొచ్చు కదా! అమ్మా, నువ్వెయ్యి! నానమ్మ స్నానానికి వెళ్ళినప్పుడల్లా వేస్తావుగా!"

నేను సముద్రంలో దూకేద్దామనుకున్నాను. ఈత కూడా వచ్చు, ఆ పల్లెకి వెళ్ళి మేకలు కాసుకునేదాన్ని.

అత్తయ్యగారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. హారతి పళ్ళెంతో వచ్చిన రోజు చూసిన చూపే. ఆ చూపు నా మీంచి కొండ కింద నీళ్ళ మీదికి వెళ్ళింది, మళ్ళీ నా మీదికి వచ్చింది. నేను చెబుతున్నాను, ఆ నాలుగు క్షణాల్లో ఆవిడ మొహంలో జరిగిన యుద్ధం ఎవరూ చూసి ఉండరు. ఒక పక్క డాల్ఫిన్, ఒక పక్క ఇంటా వంటా.

"వచ్చా నీకు ఇంకా?" అన్నారు.

"ఆయ్. కొంచెం అండి."

"కొంచెం అంటే?"

"ఏరు దాటుతుందండి."

"మరి మొద్దులా నిలబడ్డావేం? అవతల అవి పోతుంటే! వెయ్యవే!"

రెండు వేళ్ళూ నోట్లో పెట్టాను. ఊదాను. గాలి! ఉత్త గాలి! వేళ్ళ నిండా పులిహోర నూనె, జారిపోతున్నాయి. అత్తయ్యగారు నా చెయ్యి లాక్కుని తన పట్టుచీర కొంగుతో వేళ్ళు రెండూ గట్టిగా తుడిచారు. కంచి పట్టు! నేను ఆ కొంగు ముట్టుకోవాలన్నా చెయ్యి కడుక్కోవాలి. "ఊఁ," అన్నారు.

వేశాను.

అమ్మో, అది నా ఈలేనా అని నాకే అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళు స్నానాల గది నీళ్ళ చప్పుడు కింద దాచుకుని దాచుకుని వేసిన ఈల కదా, బయటికొచ్చేసరికి ఎదురు కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఈ కొండకి కొట్టుకుని మళ్ళీ అటు వెళ్ళింది. ఒక్కదాన్ని వేస్తే పదిమంది వేసినట్టుంది. పెద్దాయన స్టీరింగు వదిలేసి నా వైపు తిరిగి, "మాషా అల్లా!" అని అరిచి, ఇంజిను జోరు పెంచాడు. నేను మళ్ళీ వేశాను. మళ్ళీ వేశాను. కొండ కింద రెక్కలు ఆగాయి. తిరిగాయి. మా వైపు తిరిగాయి!

మొదట మూడు. తర్వాత ఐదు. లెక్క పెట్టడం ఎవరి వల్లా కాలేదు. పడవ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర, బూడిదరంగు వీపులు నిగనిగలాడుతూ లేస్తున్నాయి, మునుగుతున్నాయి. ఒకటి పూర్తిగా గాల్లోకి లేచి పక్కకి తిరిగి ధబ్బున పడింది. అందరం తడిసిపోయాం. అత్తయ్యగారు "అదిగో! అదిగో! వచ్చావా నా తల్లీ! నా బంగారుకొండా!" అని చిన్నపిల్లలా గెంతుతున్నారు. అరవై ఎనిమిదేళ్ళు ఆవిడకి! నిమ్మకాయ ఎప్పుడో నీళ్ళలో పడిపోయింది. కడపాయన ఇంకో గుంజ పట్టుకుని ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీదు. మా ఆయన రెండు చేతులతో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ "అమ్మా, చూడు! అమ్మా, చూడు!" అని కేకలు. చూస్తూనే ఉంది కదయ్యా!

నేను ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగితే అత్తయ్యగారు నా భుజం మీద ఒక్కటి చరిచారు. "ఆపకే! ఆపకు, పోతాయి!"

ఆపు అన్న నోరే ఆపకు అంటోంది. నాకు నవ్వు తన్నుకొచ్చేసింది. నవ్వుతూ ఈల వెయ్యడం ఎవరి వల్లా కాదు. అయినా వేశాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మొద్దుబారిపోయాయి, తల తిరుగుతోంది, ఒంట్లో ఎముకలు లేనట్టు తేలిపోతున్నాను. అవతలి ఒడ్డున టీ తాగే పడవవాడు కూడా లేచి వచ్చేసి ఉంటాడు ఆ ఈలకి. అంత సంతోషం నేను నా పెళ్ళిలో కూడా పడలేదు, ఆ మాట మా ఆయనకి చెప్పలేదు.

ఎంతసేపు వచ్చాయో తెలీదు. టెలిగ్రాఫ్ దీవి కనిపించాక వాటి దారిన అవి వెళ్ళిపోయాయి. పూర్వం తెల్లవాళ్ళు ఆ దీవిలో తంతి ఆఫీసు పెట్టుకుని ఒంటరితనంతో పిచ్చెత్తిపోయేవారని పెద్దాయన చెప్పాడు. ఎవరూ సరిగ్గా వినలేదు. పడవ ఆపితే ఫ్రెంచివాళ్ళు ఈతకి దూకారు, మా అమ్మాయి లైఫ్ జాకెట్ వేసుకుని వాళ్ళ నాన్నని కూడా లాక్కెళ్ళింది. అన్నం, పప్పు, కోడికూర పెట్టారు. అత్తయ్యగారు పెరుగన్నం తిని మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఈల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మంచినీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చి, "తాగు. నోరెండిపోయుంటుంది," అన్నారు. అది మెచ్చుకోలో, లెక్చరుకి ముందుమాటో అర్థం కాక సీసా మొత్తం తాగేశాను.

సాయంత్రం నాలుగింటికి రేవులో దిగాం. కడపాయనా భార్యా చీకటి పడకముందే బోర్డరు దాటాలని పరుగున వెళ్ళిపోయారు. ఫ్రెంచివాళ్ళు ఎటో వెళ్ళారు. మేం హోటలు గదికొచ్చాం. ఎండ ఇంకా కిటికీలోంచి మంచం మీద పడుతోంది. అత్తయ్యగారు కాళ్ళు కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, జుట్టు దువ్వుకుని, మంచం మధ్యలో కూర్చుని, "ఆ వీడియో దానికి పంపించరా," అన్నారు. దానికి అంటే ఎవరికో చెప్పక్కర్లేదు.

మా ఆయన పంపించాడు. పంపించాక తెరిచి చూశాడు. చూసి, మంచం చివర కూలబడ్డాడు.

కంగారులో కెమెరా తన వైపే తిరిగి ఉందట. నాలుగు నిమిషాల వీడియో. నాలుగు నిమిషాలూ మా ఆయన మొహమే. నోరు తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, పై పళ్ళు, కింది పళ్ళు, అప్పుడప్పుడూ ముక్కు. డాల్ఫిన్ తోక కొస కూడా లేదు. ఉన్నదల్లా చప్పుడు. ఇంజిను, నీళ్ళు, "అమ్మా చూడు", వీటన్నిటి మీదా నా ఈల. పడవలో ఇంకెవరైనా తీసి ఉంటారు గానీ ఎవరి నంబరూ తీసుకోలేదు. నాకు మా ఆయన్ని ఏం చెయ్యాలో తెలీలేదు. పదహారేళ్ళ తర్వాత గుట్టు బయటపెట్టుకుని వేశానే, పెదాలు వాచిపోయేలా వేశానే, దానికి మిగిలింది ఈ పళ్ళా?

వెంటనే ఫోన్ మోగింది. చిన్నత్తయ్య. అత్తయ్యగారు స్పీకర్ పెట్టారు.

"అక్కా, వీడియో చూశానే. డాల్ఫిన్ ఏదే? మీవాడి పళ్ళు తప్ప ఏం కనిపించట్లేదు!" అని కిలకిలా నవ్వింది. "పోనీలే, నీకు రాసిపెట్టి లేదు. వచ్చే ఏడు నాతో చిల్కా రా, నేను చూపిస్తాను. అవునూ, వెనకాల ఆ ఈలెవరిదే? చెవులు చిల్లులు పడ్డాయి. ఎవడో రౌడీ వెధవ ఎక్కినట్టున్నాడు మీ పడవ!"

నేను ఖాళీ పులిహోర డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. పడవవాడిది అనేస్తే సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. అత్తయ్యగారు ఆ మాటే అంటారని నేను ఎదురుచూస్తున్నాను. ఆవిడ నా వైపు చూశారు. చూసి, కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"రౌడీ ఎవడూ కాదు," అన్నారు. "అది మా కోడలు."

"ఆఁ?"

"ఆఁ ఏంటి? మా కోడలే. ఆడదే. రెండు వేళ్ళూ నోట్లో పెట్టి వేసింది. వాళ్ళ ఊళ్ళో ఏరు దాటే ఈల అది. మీ చిల్కాలో డాల్ఫిన్ దాని దారిన అది పోతుంటే నువ్వు చూశావు. మాది అలా కాదు. మా ఇంటి మనిషి పిలిస్తే వచ్చింది. ఒకటి కాదు, మంద! వెనక్కి తిరిగి వచ్చాయే! విన్నావా?"

అవతల నుంచి చిన్నత్తయ్య సన్నగా, "నమ్మమంటావా అక్కా?" అంది.

అత్తయ్యగారు మంచం దిగారు. కొంగు చేతిలోకి తీసుకున్నారు, అదే పట్టుచీర కొంగు, పసుపు మరక ఇంకా అలాగే ఉంది. నా రెండు వేళ్ళూ తుడిచారు. ఫోన్ నా నోటి ముందు పెట్టి, "వెయ్యవే," అన్నారు.

హోటలు గదని కూడా చూడకుండా, ఉన్న ఊపిరంతా పెట్టి వేశాను. పక్క గదిలో ఎవరో తలుపు తెరిచారు. మా అమ్మాయి మంచం మీద ఎగిరింది. కాకినాడ నుంచి "అమ్మో, నా చెవి!" అన్న కేక వినిపించింది.

అత్తయ్యగారు ఫోన్ అలాగే నా నోటి దగ్గర పట్టుకుని, "ఇంకోసారి వెయ్యి. దానికి సరిగ్గా వినపడినట్టు లేదు," అన్నారు.